ఫారడే వారసులు: ఘనస్థితి బ్యాటరీ పూర్వకథ

క్రోయిడన్‌లో కాపురమున్న మన కుటుంబాలకు పర్లీ వే మీద, ఐకియా దుకాణం దగ్గర, ఆకాశంలోకి నిలిచిన రెండు ఇటుక పొగగొట్టాలు తెలియనివి కావు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలలో చాలామంది వాటిని దుకాణపు అలంకారమనే అనుకుంటారు. అవి ఒకప్పటి క్రోయిడన్ 'బి' విద్యుత్కేంద్రానివి. ఈ ఊళ్లో విద్యుదుత్పత్తి 1896లో మొదలైంది. 'బి' కేంద్రం 1950లో ప్రారంభమై 1984లో మూతబడింది. 1991లో కట్టడాన్ని కూల్చినప్పుడు ఈ రెండు గొట్టాలను మాత్రం గుర్తుగా ఉంచారు.

ఆ విద్యుత్తుతో బండ్లు నడపడం కూడా ఈ ఊరికి కొత్త కాదు. 1901లోనే క్రోయిడన్ వీధులలో విద్యుత్ ట్రాములు తిరిగాయి. 1935 నుంచి 1960 వరకు ట్రాలీబస్సులు నడిచాయి. చాలాకాలం విరామం తరువాత 2000 సంవత్సరంలో ట్రాములు మళ్లీ వచ్చాయి. అయితే వీటన్నిటికీ ఒక పోలిక ఉంది: అన్నీ తల మీద తీగను పట్టుకుని నడిచేవే. తీగ ఉన్నంత మేరకే వాటి ప్రయాణం. కారుకు ఆ వసతి లేదు. అది తన విద్యుత్తును తానే వెంట తీసుకుపోవాలి. దూరప్రయాణానికి బయలుదేరిన మన పూర్వులు సద్దిమూట కట్టుకున్నట్లు, కారు కట్టుకునే సద్దిమూటే బ్యాటరీ. మూట బరువైతే నడక సాగదు, చిన్నదైతే దారిలో ఆకలి. విద్యుద్వాహనాల చరిత్ర అంతా ఈ మూటను తేలిక చేసి, ఎక్కువ నింపి, దారిలో ప్రమాదం లేకుండా చూసుకోవడానికి చేసిన ప్రయత్నాల చరిత్రే.

నేడు పత్రికలలో తరచుగా కనబడే మాట 'ఘనస్థితి బ్యాటరీ', అనగా సాలిడ్ స్టేట్ బ్యాటరీ. ఇది నిన్న మొన్నటి వింత అన్నట్లు రాస్తారు. నిజానికి దీని విత్తనం దాదాపు 190 ఏళ్ల క్రితం, మన క్రోయిడన్‌కు పది మైళ్ల లోపున పుట్టిన ఒక కమ్మరి కొడుకు చేతిలో పడింది. ఆ కథను, అందులో మనవారికి గల పాలును, ఈ ఉత్సవ సందర్భంగా పాఠకులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సీసపు మూట

ఏ బ్యాటరీలోనైనా ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. ఒకటి ధన ధ్రువం, రెండవది ఋణ ధ్రువం, మూడవది ఆ రెంటి నడుమ ఉండే పదార్థం. ఈ నడిమి పదార్థాన్నే ఎలెక్ట్రొలైటు అంటారు. విద్యుదావేశం గల అణువులు, అనగా అయాన్లు, దీని గుండా ఒక ధ్రువం నుంచి మరొక ధ్రువానికి నడుస్తాయి. అవి లోపల నడిచినంతసేపూ బయటి తీగలో కరెంటు ప్రవహిస్తుంది. ఇంతవరకు వాడుకలోకి వచ్చిన కారు బ్యాటరీలలో ఈ నడిమి పదార్థం దాదాపుగా ద్రవమే.

పాత తరం వారికి ఇంటి గుమ్మంలో తెల్లవారకముందే పాలసీసాలు పెట్టిపోయే విద్యుత్ బండ్లు జ్ఞాపకముండే ఉంటాయి. బ్రిటన్‌లో అవి వేలకొద్దీ తిరిగాయి. వాటిలో ఉన్నది సీసపు పలకలు, గంధకామ్లం. బరువెక్కువ, శక్తి తక్కువ. అయినా వీధి వీధికీ ఆగుతూ మెల్లగా పోయే పాలబండికి అది సరిపోయింది. మన దక్షిణ దేశానికి కూడా ఈ కథలో ఒక చోటుంది. బెంగుళూరులో తయారైన రేవా అనే చిన్న విద్యుత్ కారును 2004 నుంచి లండన్‌లో 'జీ-విజ్' అనే పేరుతో అమ్మారు. మొదట్లో దానిలోనూ సీసపు బ్యాటరీలే ఉండేవి. నగరంలో తిరగడానికి సరిపోయింది గాని, దూరప్రయాణానికి పనికిరాలేదు. లోపం బండిది కాదు, మూటది.

పుస్తకాల బైండరు కనుగొన్నది

మైకేల్ ఫారడే 1791లో దక్షిణ లండన్‌లోని న్యూయింగ్టన్ బట్స్‌లో జన్మించాడు. అది ఇప్పటి ఎలిఫెంట్ అండ్ కాసిల్ ప్రాంతం. తండ్రి కమ్మరి. పెద్ద చదువులు చదివే స్తోమత లేక, పద్నాలుగో ఏట ఒక పుస్తకాల బైండరు వద్ద పనిలో చేరాడు. బైండు చేయడానికి వచ్చిన పుస్తకాలనే చదువుకుంటూ శాస్త్రం మీద మనసు పడ్డాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ వద్ద సహాయకుడుగా కుదిరాడు. తరువాతి కాలంలో మోటారుకూ, డైనమోకూ మూలమైన సూత్రాలను కనిపెట్టినవాడు ఇతడే. 1991 నుంచి 2001 వరకు మన చేతులలో తిరిగిన ఇరవై పౌన్ల నోటు మీద బొమ్మ ఇతనిదే.

1833లో ఫారడే సిల్వర్ సల్ఫైడ్ అనే పదార్థాన్ని వేడిచేసి చూశాడు. లోహాన్ని వేడిచేస్తే విద్యుత్తు కష్టంగా ప్రవహిస్తుంది. ఇది అందుకు విరుద్ధంగా ప్రవర్తించింది. వేడెక్కేకొద్దీ దాని గుండా కరెంటు సులువుగా నడిచింది. అలాగే లెడ్ ఫ్లోరైడ్ చల్లగా ఉన్నప్పుడు కరెంటును పోనివ్వదు, బాగా కాలిస్తే పోనిస్తుంది అని కూడా ఆ దశకంలోనే గమనించాడు. కరిగి ద్రవం కాకుండా, ఘనపదార్థంగానే ఉండి అలా పోనివ్వడం విశేషం. గట్టి పదార్థంలో కూడా అయాన్లు నడవగలవన్న సంగతికి ఇదే తొలి జాడ.

ఇప్పుడు మనం వాడుతున్న మాటలు కూడా అప్పటివే. కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూవెల్‌తో సంప్రదించి 1834లో అయాన్, ఆనోడ్, కాథోడ్, ఎలెక్ట్రొలైట్ అనే మాటలను ఫారడే వాడుకలోకి తెచ్చాడు. అయాన్ అనగా గ్రీకులో 'పోయేది'. బాటసారి అని మనం చెప్పుకోవచ్చు. ద్రవంలో నడిచే బాటసారులను లోకమంతా చూసింది. రాతిలో నడిచే బాటసారులను చూసినవాడు ఫారడే.

అయితే విత్తనం పడగానే చెట్టు కాదు. జర్మనీలో నెర్న్‌స్ట్ అనే శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దం చివర ఇటువంటి గట్టి పదార్థంతోనే ఒక దీపం చేశాడు. 1914లో టుబాంట్, లోరెంట్స్ అనేవారు సిల్వర్ అయొడైడ్ సుమారు 147 డిగ్రీల వేడి దాటగానే ద్రవంతో సమానంగా అయాన్లను పోనిస్తుందని చూపారు. ఇవన్నీ ప్రయోగశాలలో మెచ్చుకోదగినవే. బండికి మాత్రం ఎక్కలేదు.

బండి ఎక్కిన మొదటి ప్రయత్నాలు

1967లో అమెరికాలోని ఫోర్డ్ కంపెనీ పరిశోధకులు ఒక కొత్త మార్గం చూపారు. బీటా అల్యూమినా అనే పింగాణీ వంటి పదార్థం గుండా సోడియం అయాన్లు చురుకుగా నడుస్తాయని వారు కనుగొన్నారు. ఒకపక్క కరిగిన సోడియం, మరొకపక్క కరిగిన గంధకం, నడుమ ఈ గట్టి పింగాణీ. మామూలు బ్యాటరీకి ఇది తలకిందులు: ధ్రువాలు ద్రవం, నడిమి పదార్థం ఘనం. ఇంగ్లండులో దీని మీద చాలా శ్రద్ధ చూపారు. డెర్బీలోని బ్రిటిష్ రైల్వే పరిశోధకులు పనిచేశారు. 1972లో ఎలక్ట్రిసిటీ కౌన్సిల్ పరిశోధకులు ఒక బెడ్‌ఫర్డ్ వ్యానును ఈ బ్యాటరీతో నడిపి చూపారు. ఘనమైన నడిమి పదార్థంతో రోడ్డెక్కిన తొలి బండ్లలో ఇది ఒకటి.

కాని ఈ బ్యాటరీని ఎల్లప్పుడూ 300 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచాలి. పింగాణీ పగిలితే కరిగిన సోడియం, గంధకం కలుస్తాయి. ఫోర్డ్ కంపెనీ 1990ల తొలి ఏళ్లలో ఈ పద్ధతిని ఈకోస్టార్ అనే వ్యానులలో పరీక్షించింది. 1994లో రెండు వ్యానులు నిప్పంటుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది.

రెండవ మార్గం ప్లాస్టిక్ వంటి పదార్థాలది. 1973లో షెఫీల్డ్‌లో పీటర్ రైట్ బృందం ఒక పాలిమర్‌లో లవణాలు కలిపితే అది అయాన్లను పోనిస్తుందని ప్రకటించింది. 1978లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మిషెల్ అర్మాన్ దీనితో బ్యాటరీ చేయవచ్చునన్నాడు. 2011లో పారిస్ నగరంలో అద్దెకు తిరిగిన బ్లూకార్లలో ఉన్నది ఇటువంటి బ్యాటరీయే. అది కూడా వేడిగా ఉంటేనే పనిచేసేది. అదే తరహా బ్యాటరీ గల బస్సులు రెండు 2022 ఏప్రిల్‌లో పారిస్ వీధులలో కాలిపోగా, ఆ రకం బస్సులు 149 తాత్కాలికంగా ఆపివేశారు. ఘనం అన్నంత మాత్రాన నిప్పు భయం లేదనుకోరాదని ఈ ఉదంతం చెబుతుంది. లిథియం లోహం ఏ మూటలో ఉన్నా జాగ్రత్త కోరే వస్తువే.

ద్రవం గెలిచిన కాలం

ఈలోగా గెలుపు ద్రవానిదయింది. 1976లో ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చిన జాన్ గుడెనఫ్, తన సహచరులతో కలిసి 1980లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ధ్రువాన్ని ప్రకటించాడు. దానిని ఆధారం చేసుకుని జపానులో సోనీ కంపెనీ 1991లో లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది. నేటి టెలిఫోను, కంప్యూటరు, కారు అన్నీ ఆ వంశానివే. గుడెనఫ్‌కు, నాటింగ్‌హామ్‌లో పుట్టిన స్టాన్లీ విటింగ్‌హామ్‌కు, జపాను దేశస్థుడు అకిరా యోషినోకు కలిపి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97. ఆయన తరఫున స్టాక్‌హోమ్‌లో ఉపన్యాసం చదివినవాడు ఆయన సహచరుడు, తమిళనాటి నుంచి వెళ్లిన అరుముగం మంథిరం. గుడెనఫ్ 2023లో నూరేళ్లు నిండాక కన్నుమూశాడు.

ఈ బ్యాటరీలోని ద్రవం నీళ్ల వంటిది కాదు, మండే గుణం కలది. త్వరత్వరగా చార్జి చేస్తే లిథియం సూదుల్లా మొలకెత్తి, నడిమి పొరను చీల్చుకుని రెండో ధ్రువాన్ని తాకవచ్చు. తాకితే నిప్పు. ఆ భయంవల్లనే ఋణ ధ్రువంలో శుద్ధ లిథియాన్ని వాడక, గ్రాఫైటు పొరలలో లిథియాన్ని దాచుకుంటున్నారు. దానివల్ల మూట బరువు పెరుగుతుంది. ద్రవం స్థానంలో గట్టి పదార్థం పెట్టగలిగితే శుద్ధ లిథియం వాడవచ్చు, మూట తేలికవుతుంది, ప్రయాణం పెరుగుతుంది. శాస్త్రజ్ఞులు మళ్లీ ఫారడే దారి పట్టడానికి కారణమిదే.

గట్టిదానికి గట్టిది తగలాలి

2007లో జర్మనీలోని కీల్ నగరంలో వెర్నర్ వెప్నర్‌తో కలిసి రామస్వామి మురుగన్, వెంకటరామన్ తంగదురై అనే ఇద్దరు తమిళ శాస్త్రజ్ఞులు గార్నెట్ జాతి పదార్థం ఒకటి చేశారు. లిథియం అయాన్లు దాని గుండా మామూలు వేడిలోనే నడిచాయి. 2011లో జపానులో ర్యోజీ కన్నో బృందం గంధకం, జర్మేనియం, భాస్వరం, లిథియం కలిసిన పదార్థంలో అయాన్లు ద్రవంతో సమానంగా పరుగెత్తుతాయని చూపింది. ఫారడే కాల్చి చూసినది, ఇప్పుడు కాల్చనక్కర లేకుండానే జరిగింది.

మరి ఆలస్యమెందుకు? ఇక్కడే అసలు చిక్కు ఉంది. ద్రవం ప్రతి సందులోకీ తానే పోయి తడుపుతుంది. గట్టి పదార్థం అలా చేయదు. తిరగలి రాళ్లు ఎంత నున్నగా ఉన్నా ఒకదానికొకటి కొన్ని చోట్ల మాత్రమే తగులుతాయి కదా! పైగా చార్జి ఎక్కినప్పుడు ధ్రువాలు ఉబ్బుతాయి, దిగినప్పుడు కుంచించుకుపోతాయి. వందలసార్లు ఇలా జరిగేసరికి ఎడాలు పడతాయి, బాటసారులకు వంతెన తెగుతుంది. గట్టిగా ఒత్తిపట్టి ఉంచాలి. పింగాణీలోని కంటికి కనబడని పగుళ్లలో లిథియం సూదులు దూరి, ఆ పగుళ్లను ఇంకా పెద్దవి చేస్తాయి. గంధకం గల రకాలకు గాలిలోని తేమ తగిలితే విషవాయువు పుడుతుంది. ప్రయోగశాలలో నాణెమంత ఘటం చేయడం వేరు, లక్షల సంఖ్యలో ఒకే నాణ్యంతో చేయడం వేరు.

ఈ చిక్కుల ముందు పెద్ద పెద్ద వాగ్దానాలు వాయిదా పడ్డాయి. బ్రిటన్‌లో డైసన్ కంపెనీ 2015లో సక్తి3 అనే అమెరికా సంస్థను 9 కోట్ల డాలర్లకు కొని, ఘనస్థితి బ్యాటరీతో కారు చేయాలని సంకల్పించింది. 2019 అక్టోబరులో కారు ప్రయత్నాన్నే విరమించుకుంది. టయోటా మొదట 2020ల తొలి ఏళ్లలో తెస్తామన్నది. 2023లో ఆ గడువును 2027–28కి మార్చింది. అయితే పని ఆగలేదు. 2025లో బి.ఎం.డబ్ల్యు. మ్యూనిక్‌లో ఇటువంటి ఘటాలు గల కారును పరీక్షకు తిప్పింది. అదే సంవత్సరం మెర్సిడెస్ పరీక్ష కారు ఒకటి ఒక్క చార్జితో స్టుట్‌గార్ట్ నుంచి స్వీడన్‌లోని మాల్మో వరకు 1,205 కిలోమీటర్లు పోయింది. బ్రిటన్‌లో ఈ పరిశోధనను నడిపించడానికి 2017లో హార్వెల్‌లో ఒక సంస్థ స్థాపించారు. దానికి పెట్టిన పేరు ఫారడే ఇన్‌స్టిట్యూషన్.

ఇందులో మనవారు

ఇటువంటి సంచికలలో మనవారిని గూర్చి రాసేటప్పుడు అంతా మనవల్లనే జరిగిందని రాయడం ఒక వాడుక. ఇక్కడ ఆ అవసరం లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పినా గౌరవంగానే ఉంటుంది.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో ఆచార్య వి. హరిబాబుగారు, యు.వి. సుబ్బారావుగారు మొదలైనవారు ఉప్పు వంటి అయాన్ స్ఫటికాలను పెంచి, వాటి లోపాలనూ విద్యుద్వాహకతనూ దశాబ్దాలపాటు పరిశీలించారు. స్ఫటికంలోని లోపమే అయాన్ నడిచే దారి గనుక, ఇది ఈ శాస్త్రానికి పునాది పని. సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయంలో ఆచార్య బి.వి.ఆర్. చౌదరిగారు ఘనస్థితి అయాన్ శాస్త్రానికి ఆసియాలో ఒక వేదిక కల్పించిన ప్రముఖులలో ఒకరు. 1988లో సింగపూరులో జరిగిన ఆసియా సదస్సు ఆ కృషి ఫలమే. 2013లో కెమికల్ రివ్యూస్ అనే సుప్రసిద్ధ పత్రికలో లిథియం బ్యాటరీ ధ్రువాల మీద వచ్చిన పెద్ద సమీక్షకు రచయితలు ముగ్గురు: ఎం.వి. రెడ్డి, జి.వి. సుబ్బారావు, బి.వి.ఆర్. చౌదరి. ఆ పేర్ల వరుస చదివితే మన ఊరి బడి హాజరుపట్టీ చదివినట్లుంటుంది. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో బుగ్గా రత్నకుమార్‌గారు, 2004లో అంగారకుని మీద దిగిన రెండు రోవర్ బండ్ల లిథియం బ్యాటరీల కృషిలో ముఖ్యపాత్ర వహించారు.

పరిశ్రమ విషయానికొస్తే, హైదరాబాదులో హెచ్.బి.ఎల్. 1977 నుంచి ప్రత్యేక అవసరాల బ్యాటరీల తయారీలో ఉంది. 1985లో గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిన అమరరాజా తిరుపతి దగ్గర సీసపు బ్యాటరీలతో పెరిగింది. ఆ సంస్థే 2023లో మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లిలో లిథియం ఘటాల కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలు పెట్టాలన్నది సంకల్పం. అది ద్రవం గల లిథియం బ్యాటరీయే, ఘనస్థితిది కాదు. కాని సీసం నుంచి లిథియానికి చేయి మార్చుకోవడం తరువాతి మెట్టుకు తప్పనిసరి పాఠం. ఒకనాడు పాలమూరు కూలీలు పని కోసం దేశమంతా తిరిగారు. ఆ నేల మీదికే ఈ పని రావడం గమనించదగ్గ సంగతి.

మన ఇంటి ముందు ప్రశ్న

2023 ఆగస్టు 29 నుంచి క్రోయిడన్‌తో సహా లండన్ అంతటా పొగ నిబంధన అమలులోకి వచ్చింది. నిబంధనకు తగని పాత బండి నడిపితే రోజుకు పన్నెండున్నర పౌన్లు. అందుచేత చాలా ఇళ్లలో ఒకే ప్రశ్న: ఇప్పుడే విద్యుత్ కారు కొనాలా, ఘనస్థితి బ్యాటరీ వచ్చేదాకా ఆగాలా?

పై చరిత్రే దీనికి సమాధానం చెబుతుంది. కొత్త బ్యాటరీ వచ్చినా మొదట ఖరీదైన కార్లలోనే వస్తుంది. మధ్యతరగతి ఇంటికి చేరడానికి ఇంకా కాలం పడుతుంది. రేపటి పెళ్లి విందు తలచుకుని ఇవాళ పస్తుండమని ఎవరూ అనరు. ఇంటికి ఇప్పుడు కారు అవసరమైతే ఇప్పుడున్న బ్యాటరీలను బట్టే నిర్ణయించుకోవాలి. మరొక జాగ్రత్త: 'అర్ధఘన' బ్యాటరీ అనే పేరుతో చైనాలో కార్లు ఇప్పటికే వచ్చాయి. వాటిలో ఇంకా కొంత ద్రవం ఉంటుంది. పేరులో 'ఘన' అన్న మాట చూసి కాక, లోపల ఏముందో, ఎన్నేళ్ల హామీ ఇస్తున్నారో అడిగి కొనాలి.

ఇక పిల్లలకొక మాట. ఫారడే దంపతులకు సంతానం లేదు. అతని రక్తం పంచుకుని అతని వారసుడనని చెప్పుకోగలవారు లోకంలో లేరు. అయినా అతడు వదిలిన ప్రశ్నను జర్మనీవారు అందుకున్నారు, జపానువారు అందుకున్నారు, ఉస్మానియాలో, సింగపూరులో, కీల్‌లో మన దక్షిణాదివారు అందుకున్నారు. మన కుటుంబాలు కూడా ఒక తరం నుంచి మరొక తరానికి భాషను, పండుగను, వంటను అందించడానికి ఎంతో పాటుపడుతున్నాయి. అది రక్తంతో వచ్చే వారసత్వం. చేతిపనితో, ఓర్పుతో వచ్చే వారసత్వం మరొకటి ఉంది, దానికి కులగోత్రాలు, దేశాలు అడ్డు రావు. క్రోయిడన్ బడిలో రసాయనశాస్త్రం చదువుతున్న మన అమ్మాయికీ, అబ్బాయికీ రెండింటి మీదా హక్కుంది.

లండన్‌లో ఆల్బెమార్ల్ వీధిలోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫారడే ప్రయోగశాలను ప్రదర్శనగా ఉంచారు. ఈస్ట్ క్రోయిడన్‌లో రైలెక్కితే గంటలోపు చేరవచ్చు. సెలవురోజున పిల్లలను తీసుకువెళ్లి, గట్టి పదార్థాన్ని దీపం మీద కాల్చి చూసిన మనిషి పనిచేసిన ఆ గదిని చూపించండి. తిరిగి వచ్చే దారిలో పర్లీ వే పొగగొట్టాలు ఏమిటో కూడా చెప్పండి.